ముడి దగ్గర

లాలాపేట సందులో కొట్టతను
అలవాటుగా అడిగాడు: "ఆడదా, మగదా?"
పక్కనున్న కుర్రాడు కిసుక్కుమన్నాడు.
నేను నవ్వలేదు. స్తంభాలెక్కే ఉద్యోగం నాది,
ఇలాంటి మాటలకు నా చెవులు ఎప్పుడో కాయలు కాచాయి.
"బ్యాటరీకి ఆడదివ్వు," అన్నాను.
"ప్రాణమున్న వైపు లోపలికి ఉండాలి.
మగది విమానానికి.
తగిలించేదాకా దాన్లో ఏమీ ఉండదు,
బయటికి పొడుచుకొచ్చినా ఎవరికీ నష్టం లేదు."
ఈసారి నవ్వింది రసీదులు రాస్తున్న అతని భార్య.

పోయిన ఫిబ్రవరిలో పడిపోయింది నా మొదటిది.
నల్లపాడు దాటాక, కల్లాల అంచున
మూడో చుట్టు తిరుగుతూ
మోటారు ఒక్కసారి దగ్గింది.
ఆ తర్వాత రెక్కలు కూడా నా మాట వినలేదు.
థర్మోకోల్ ముక్కు తిన్నగా వెళ్లి దిగబడింది
సైదమ్మ గారి ఎండుమిర్చిలో.
ఘాటు లేచింది. బాజీ, నేను, ఆమె కుక్క
వరసగా తుమ్ములు.
ఆమె మాత్రం తుమ్మలేదు.
తోక పట్టుకుని లేపి, సొరకాయ బేరమాడినట్టు
అటూ ఇటూ తిప్పి
కరిగి వంగిన పసుపు ప్లాస్టిక్ వాసన చూసింది.
"మా బోరు మోటారూ ఇంతేనమ్మా.
తీగ బంగారం. ముడి దగ్గరే కాలుద్ది."
డబ్బులిస్తానంటే తీసుకోలేదు.
కాయల్లో కలిసిన తెల్ల పూసల్ని
పొద్దు గూకేదాకా మా ఇద్దరితో ఏరించింది.

ఆ రాత్రి మండే వేళ్లతోనే లెక్క వేశాను.
ఆరు సెల్లులు. ఇరవై రెండు వోల్టులు.
పైకి లేచేటప్పుడు డెబ్బై ఆంపియర్లు.
అరవై అని రాసున్న దాంట్లో డెబ్బై తోశాను,
అదీ సంచిలో కిలోల లెక్కన అమ్మే నకిలీలో.
సబ్‌స్టేషన్లో ఎవడైనా ఈ పని చేస్తే
నేనే అరిచి ఉండేదాన్ని.
కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు,
ట్రైనింగులో బోర్డు మీద రాశారు,
మేం దించుకున్నాం.

ఇక ఏది కొనాలి?
టీ అక్షరంలా ఉండే ఎర్రది, పట్టు గట్టిదే,
ఊడదీయాలంటే గోళ్లు విరగాలి.
విడివిడి బుల్లెట్లు తేలిక,
కానీ ప్లస్సెవరో మైనస్సెవరో
సాయంత్రం మసకలో చెప్పవు.
తొంభైది బరువు.
బాజీ వాళ్లమ్మ త్రాసులో తూచి తేల్చాడు:
"ఐదారు జీడిపప్పులు ఎక్కువ."
ఆ మాత్రం మోయలేనిది ఎగరకపోయినా పర్లేదన్నాను.
తగిలించినప్పుడల్లా టప్పుమనే ఆ నీలి రవ్వ ఉందే,
చూడ్డానికి ముచ్చటేగానీ
ఎలకలా పిన్ను కొసను కొరుక్కుతింటుంది.
అందుకే మొదటి స్పర్శను లోపలి రెసిస్టరుకిచ్చి
తర్వాత పూర్తిగా కలిసే రకం తీసుకున్నాను.
నూట నలభై ఎక్కువ పడింది.

"రెండు తీగలూ ఒకేసారి కత్తిరించకు!"
బాజీ కటింగ్‌ప్లేయరు గాల్లో ఆగిపోయింది.
ఒకటి కోసి, టంకం పెట్టి, తొడుగు వేసి,
అప్పుడు రెండోది.
టంకం పెడుతున్నంతసేపూ దాని జతను దానికే తొడిగి ఉంచాలి,
లేకపోతే ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను పక్కకి ఒరుగుతుంది.
మెరిస్తే అతికినట్టు.
బూడిద రంగులోకి తిరిగితే
అతికినట్టు నటిస్తున్నట్టు.

ఆదివారం. ఆరు నిమిషాలు.
గట్టు పక్క దుబ్బులో దిగింది.
డ్యూటీలో ముడిని ముట్టుకుని చూడలేం,
కింద నిలబడి, వానలో తల ఎత్తి
ఏ జంపరు మీద చినుకు ఆవిరవుతోందో వెతుకుతాం.
ఇక్కడ మాత్రం పరుగెత్తుకెళ్లి
వేలు పెట్టాను.
గోరువెచ్చన, అంతే.

"కాలిందా?" కల్లంలోంచి సైదమ్మ గారు.
"లేదండీ."
"అయితే ఇంకో చుట్టు తిప్పు.
ఇటేపు మాత్రం రానీకు. ఇవాళ పొద్దున్నే ఆరబోశా."